నా గడిలో గీత

"నీ గడిలో గీత పెట్టెయ్" అన్నారు మా ఆయన, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

అప్పుడు నేను డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చి, మడతపెట్టే ముందు ఒక్కొక్కటీ కిటికీ బయట దులుపుతున్నాను. వీధి చివర నాలుగు టవర్లు లేవడం మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో బట్టలకి రెండు పనులు. ఉతకడం ఒకటి, ఆరాక దులపడం ఇంకొకటి. ఇసుక లారీలు, కంకర లారీలు, పొట్ట తిప్పుకుంటూ వెళ్ళే కాంక్రీటు లారీలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోతూనే ఉంటాయి. అవి లేపిన దుమ్ము మెయిన్ రోడ్డు మీద ఆగదు. మా వీధిలోకి తిరిగి, మెట్లెక్కి, దిండు గలీబుల్లో దూరి పడుకుంటుంది. "ఈ దుమ్ములో బతకలేకపోతున్నాం సార్" అని మా ఆయన కనపడ్డ ప్రతి అధికారికీ చెప్తారు. ఆయన బతకలేకపోవడం నిజమే కావచ్చు గానీ, దులిపేది మాత్రం నేను.

మా ఆయన వీధి సంఘానికి సెక్రటరీ. సంఘం ఆయనది, రాత నాది. టవర్లకి పునాదులు తవ్విన నెల నుంచి ప్రతి ఆదివారం మా హాల్లో తొమ్మిదిమంది మగవాళ్ళు కూర్చుంటారు. లారీల వేళల గురించి, పైపుల కోసం తవ్వి పూడ్చకుండా వదిలేసిన ఫుట్‌పాత్ గురించి, రేపు ఆ టవర్లలో జనం దిగాక వాళ్ళ కార్లన్నీ అడ్డదారని మా వీధిలోంచే పోతాయన్న భయం గురించి మాట్లాడుకుంటారు. అన్నీ నిజమైన బాధలే, కాదనను. మాట్లాడుకున్నవన్నీ మా ఆయన ఒక చిత్తు కాగితం మీద కోడి కెలికినట్టు రాస్తారు. తొమ్మిది టీలు ఇచ్చి, తొమ్మిది కప్పులు కడిగి, అప్పుడు నేను దాన్ని తెల్ల కాగితం మీద సాపు రాస్తాను. "మీ ఆవిడ రాత ముత్యాలండీ" అని అధ్యక్షులవారు ఆయన్నే మెచ్చుకుంటారు. ముత్యాలు నావి, మెడ ఆయనది.

అలాంటి ఒక ఆదివారం మున్సిపల్ ఆఫీసు నుంచి రాకపోకల సర్వే ఫారాలు వచ్చాయి. ఇంటికొకటి. ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు, బంధుత్వం, ఒక్కొక్కరూ రోజుకి ఎన్నిసార్లు మెయిన్ రోడ్డు దాటుతారు అన్న గడి. మా ఆయన చెప్తుంటే, బట్టలు దులపడం మధ్యలో ఆపి ఆపి నేను రాశాను. ఆయనకి రెండు. వెళ్ళడం ఒకటి, రావడం ఒకటి. పాపకి రెండు. అత్తయ్యకి గీత. తర్వాతే ఆ మాట అన్నారు.

"అదేంటి, నేను వెళ్ళట్లేదా?" అని అడిగాను. గొడవకి కాదు, అనుమానం తీర్చుకుందామనే అడిగాను. "నువ్వు వెళ్ళేది పాపతోనే కదా, అది పాప లెక్కలో వచ్చేసింది" అన్నారు. పాపకి ఏడేళ్ళు. మరి దాన్ని బడి దగ్గర దింపాక ఒక్కదాన్నే తిరిగొస్తాను కదా, అది ఎవరి లెక్క అని అడగాలనిపించింది. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా రోడ్డవతల కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములు తుడిచి, స్క్రూలు బిగించి, వచ్చినవాళ్ళకి అద్దం పట్టుకుని నిలబడతాను కదా, అది? ఆ ఒక్కటి మాత్రం పైకి అడిగాను. ఆయన నవ్వారు. "అదేమన్నా ఉద్యోగమా, ఏదో కాలక్షేపం. ప్రతిదీ రాస్తే ఫారం పట్టదు" అన్నారు. నేను స్కేలు తెచ్చి, నా గడిలో నా చేత్తోనే, అటూ ఇటూ సరిగ్గా చూసుకుని గీత గీశాను. చేసే పని నీటుగా చేయడం నాకున్న జబ్బు. ఆయన దాన్ని ఫోటో తీసి, 'నమూనా, అందరూ ఇలాగే నింపగలరు' అని వీధి గ్రూపులో పెట్టేశారు.

గీత పెట్టిన మర్నాటి నుంచి నాకు కుదురు పోయింది. రోడ్డు దాటుతున్న ప్రతిసారీ, ఇది లెక్కలో లేదు, ఇదీ లేదు అనుకోవడం మొదలుపెట్టాను. మా వీధికి ఎదురుగా మెయిన్ రోడ్డు డివైడర్‌లో ఒక సందు ఉంది. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడేంత, ఒక కారు ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరిగేంత. అటు సగం రోడ్డు దాటి ఆ సందులో ఆగాలి. ముందు నుంచి బస్సు, వెనక నుంచి లారీ పోతుంటే చీర కుచ్చిళ్ళు ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ కొట్టుకుంటాయి. పాపతో ఉన్నప్పుడు దాని మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుంటానంటే, బడి గేటు దగ్గర వదిలాక కూడా వేళ్ళ గుర్తులు ఉంటాయి. అత్తయ్యతో అయితే ఇంకో రకం. ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయ్యి నాలుగు నెలలు. రోజూ రెండింటికి అవతల ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. సందులోకి రాగానే ఆవిడ ఆగిపోయి, "ఉండవే, ఇంకో లారీ పోనీ" అంటుంది. లారీల మధ్య ఎడం అంటూ ఉంటే కదా. ఆవిడ మందుల చీటీలో 'రోజూ నడిపించాలి' అని రాసిచ్చిన డాక్టరు ఈ రోడ్డు చూసి ఉండడు. ఆవిడ గడిలో కూడా గీతే అని చెప్తే, "నా కాళ్ళు నీ చేతుల్లో ఉన్నాయి, గీతలు వాడి చేతుల్లో ఉన్నాయి, నాకెందుకమ్మా" అంది. మా అత్తయ్య ఏ మాటన్నా అది మెచ్చుకోలో దెప్పో తేల్చుకోవడానికి నాకు సాయంత్రం దాకా పడుతుంది.

మూడు వారాల తర్వాత ఆదివారం మా ఆయన బిస్కెట్ల డబ్బా పట్టుకుని ఇంట్లోకి వచ్చారు. ఆయన తనంతట తాను ఇంట్లోకి ఏదైనా తెచ్చారంటే లోకంలో ఏదో గెలిచారని అర్థం. కమిటీ అప్పటికే హాల్లో ఉంది. డివైడర్‌లో సందు మూసేస్తున్నారట. సిమెంటు దిమ్మలు రేపు కాక ఆ పై సోమవారం దిగుతాయట. ఇక టవర్ల కార్లు మా వీధిలోకి తిరగలేవు. మా ఆయన మూడు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగి సాధించిన విజయం. అధ్యక్షులవారు లేచి నిలబడి ఆయన భుజం తట్టారు. నేను చేతిలో టీ పళ్ళెంతో గుమ్మంలోనే ఉండిపోయాను.

"మరి నేనెలా దాటాలి?" అన్నాను.

మా ఆయన నా వైపు చూశారు. కోపంగా కాదు, వెటకారంగా అసలే కాదు. నిజంగా తెలియనివాళ్ళు అడిగినట్టు అడిగారు. "నువ్వెక్కడికి వెళ్తావు?"

తొమ్మిదిమందిలో ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో వాళ్ళకేమీ కనబడలేదు. ఎవరో "టవర్ల గేటు దగ్గర సిగ్నల్ పెడతారుగా, అక్కడ దాటొచ్చమ్మా" అని ధైర్యం చెప్పారు. టవర్ల గేటు మా వీధికి ముప్పావు కిలోమీటరు. ఫుట్‌పాత్ లేని ముప్పావు కిలోమీటరు, ఇవతల వెళ్ళేటప్పుడు అంత, దాటాక అవతల వెనక్కి అంత. అత్తయ్య మోకాలితో. ఆ పూట టీ చల్లారిపోయిందని రెండు కప్పులు వెనక్కొచ్చాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మొగుడి మీదో, నా మీదో, స్కేలు మీదో తెలియలేదు. ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఎవరూ ఏమీ అనకపోతే అదీ చిరాకే అనిపించింది.

మర్నాడు దుకాణంలో గంట ముందు వెళ్తానని అడిగాను. "అందుకే ఆడవాళ్ళని పెట్టుకోవద్దంటుంది మా ఆవిడ" అన్నాడు ఓనరు. తన మాటలన్నీ వాళ్ళావిడ నోటితో చెప్పడం ఆయనకి అలవాటు. అక్కడి నుంచి నేరుగా మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. రోడ్ల ఇంజనీరు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, బల్ల మీద ఫైళ్ళ మధ్య చిన్న గిన్నెలో గుండుసూదులు రకాల ప్రకారం ఏరుకుంటున్నాడు. సందు మూయొద్దని చెప్తే ఓపిగ్గా విన్నాడు. విని, మా వీధి ఫైలు తీసి నా వైపు తిప్పాడు.

"ముప్పై ఎనిమిది ఇళ్ళమ్మా. మీ వీధిలో ఆడవాళ్ళు రోడ్డు దాటరని మీరే రాసిచ్చారు."

ఒక్కొక్క ఫారం తిప్పాను. అన్నింటిలో గీతే. నా గీత. నేను స్కేలుతో గీశానని కొందరు స్కేలుతోనే గీశారు. ఐదో నంబరు డాక్టరమ్మ రోజుకి రెండుసార్లు ఆసుపత్రికి కారులో వెళ్ళొస్తుంది. ఆ కారు భర్త పేరు మీద ఉంది కాబట్టి ఆవిడ తిరుగుళ్ళన్నీ ఆయన గడిలోకి చేరిపోయాయి, ఆవిడ గడిలో గీత. పదకొండో నంబర్లో రిటైరైన టీచరమ్మా, ఆవిడ అక్కగారూ ఇద్దరే ఉంటారు. రోజూ గొడుగేసుకుని అవతల లైబ్రరీకి వెళ్ళే మనుషులు. ఇద్దరికీ గీతలు. ఇక మూడో నంబర్లో ఉండే బ్రహ్మచారి నమూనాలో ఎన్ని వరసలుంటే అన్ని వరసలూ దించేసినట్టున్నాడు. తనకి రెండు రాసుకుని, కింద 'భార్య' అని రాసి గీత పెట్టాడు. పాపం, పెళ్ళి కాకుండానే ఇంట్లో ఒక గీత వెలిసింది. నాకు నవ్వొచ్చింది. ఆఫీసులో గట్టిగా నవ్వేశాను. తర్వాత ఆ నవ్వు ఎటు పోయిందో, కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

"గీత అంటే కంప్యూటర్‌కి సున్నా" అన్నాడు ఇంజనీరు, కాస్త సర్దుకుని కూర్చుంటూ. శుక్రవారం సాయంత్రం అయిదు దాకా దిద్దుబాటు ఫారాలు తీసుకుంటారట. ఎవరిది వాళ్ళే నింపాలి, వేళలతో సహా. ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలి. పైన సంఘం సెక్రటరీ కూడా ఒక సంతకం పెడితే మంచిదన్నాడు. "లేకపోతే ఆడవాళ్ళ గొడవని పైవాళ్ళు పక్కన పెడతారమ్మా, ఉన్నమాట చెప్తున్నా" అన్నాడు. చెప్పి, ఒక కట్ట ఫారాలు ఇచ్చాడు.

నాది మర్నాడు దుకాణం కౌంటరు మీదే నింపాను. ఏడింటికి పాలు, కూరలు, రెండు. ఎనిమిదింబావుకి పాప బడి, రెండు. పదికి దుకాణం, రెండు. రెండింటికి అత్తయ్యతో, రెండు. నాలుగింటికి పాపని తేవడం, రెండు. అయిదున్నరకి ఆయన చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చి నిన్నటివి తెచ్చుకోవడం, రెండు. పన్నెండు. అక్కడ పెన్ను ఆగింది. ఇంకో రెండు ఉన్నాయి. ఆరున్నరకి పాప హోంవర్క్ చేసుకుంటూ, అత్తయ్య టీవీ చూసుకుంటూ ఉన్నప్పుడు, ఏదో మర్చిపోయానని చెప్పి సంచి పట్టుకుని బయటపడతాను. రోడ్డు దాటి అవతల బస్టాపులో సిమెంటు బల్ల మీద కూర్చుంటాను. పావుగంట. ఏ బస్సూ ఎక్కను. ఎవరికోసమూ కాదు. మొదటిసారి కాళ్ళు పీక్కుపోయి కూర్చున్నాను, మర్నాడు ఏ నొప్పీ లేకుండానే వెళ్ళాను, ఇప్పటికి ఏడాది దాటింది. అక్కడ నన్నెవరూ ఏదీ ఎక్కడుందని అడగరు. బస్సు ఆగుతుంది, కండక్టరు "ఎక్కుతారా అమ్మా" అంటాడు, నేను తల అడ్డంగా ఊపుతాను, బస్సు వెళ్ళిపోతుంది. నేను వద్దంటే మారు మాట్లాడకుండా వెళ్ళిపోయేది నా బతుకులో ఆ బస్సు ఒక్కటే. ఆ పావుగంట లేని రోజున రాత్రంతా ఇంట్లో తలుపులు, గిన్నెలు నా చేతుల్లో చప్పుడు చేస్తాయి. పన్నెండని రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. నాక్కూడా లేదేమో. కానీ ఒకసారి నా చేత్తో అబద్ధం రాసే ఇంతదాకా వచ్చింది. పద్నాలుగు అని రాశాను. ఎందుకోసం అన్న చోట మిగతావన్నీ నింపి, ఆరున్నరకి ఎదురుగా ఖాళీ వదిలేశాను.

మూడు రోజులు వీధిలో తిరిగాను. పనులన్నీ మామూలే, వాటి మధ్యలో ఇదొకటి. డాక్టరమ్మ ఫారం రెండుసార్లు తిప్పి చూసింది. ఆపరేషన్ థియేటర్‌లో నలుగురిని నిలబెట్టే మనిషి, "ఇంట్లో కాగితాలన్నీ ఆయనే చూసుకుంటారు, నేను పట్టించుకోను" అని ఏదో తప్పు చేసినట్టు అంది. అని, నా పెన్నే తీసుకుని నాలుగు అని రాసి సంతకం చేసింది. టీచరమ్మ తన ఫారం తానే తప్పుగా నింపినందుకు నొచ్చుకుంది. "స్కూటర్ లేనివాళ్ళం కదా, గీత పెట్టాలేమో అనుకున్నానమ్మా. మీ రాత చూసి, ఇంత చక్కగా రాసినవాళ్ళు తప్పు రాయరులే అనుకున్నా" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఒకరిద్దరు ఆయన్ని అడిగి చెప్తామన్నారు. ఏడో నంబరు కోడలు మాత్రం సంతకం పెట్టి, "మా వాళ్ళకి చెప్పొద్దక్కా" అని తలుపు వేసుకుంది. గురువారానికి నాదీ కలుపుకుని ఇరవై ఆరు ఫారాలు పోగయ్యాయి. ఆఖరిది అత్తయ్యది. కళ్ళజోడు పెట్టుకుని తన పేరు తానే కూడబలుక్కుంటూ రాసి, నా ఫారం కూడా ఇలా ఇవ్వమని తీసుకుని చదివింది. ఆరున్నర దగ్గర వేలు ఆపింది. "రోజూ ఖాళీ సంచే తెస్తావు, నాకు తెలియదా" అంది. ఫారం మళ్ళీ కట్టలో పెట్టేసింది.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూర్చున్నారు. అధ్యక్షులవారి నుంచి ఫోన్ వచ్చిందట. సెక్రటరీ తెచ్చిన ఆర్డరుకి వ్యతిరేకంగా సెక్రటరీ భార్యే సంతకాలు పోగుచేస్తోందని వీధంతా చెప్పుకుంటోందట. "నాతో ఒక్క మాట చెప్తే పోయేది కదా" అన్నారు. చెప్పానని, టీ పళ్ళెం పట్టుకుని తొమ్మిదిమంది ముందు చెప్పానని అన్నాను. ఆయనకి గుర్తు లేదు. గుర్తు లేదంటే నమ్ముతాను. ఫారాల కట్ట బల్ల మీద పెట్టి, మీ సంతకం కావాలన్నాను. సోమవారం దిమ్మలు దిగితే అత్తయ్య ఇక ఇల్లు కదలదని, ఆ సంతకం లేకపోతే ఈ కట్టని పక్కన పడేస్తారని చెప్పాను. తల్లి సంతకం చూసి ఆయన కొంచెం తగ్గారు. ఒక్కొక్క కాగితమూ తిప్పుతూ నా దాని దగ్గరికి వచ్చారు. వేలు పెట్టి పై నుంచి కిందకి చదివారు. పాలు, పాప, దుకాణం, అమ్మ. చొక్కాల దగ్గర, "ఇస్త్రీ కూడా అవతలా?" అన్నారు. పదకొండేళ్ళుగా తొడుక్కుంటున్న చొక్కాలు.

వేలు ఆరున్నర మీద ఆగింది.

"ఇది ఎక్కడికి?"

గొంతు మారింది. నేను బయటికి వెళ్తానని ఆయనకి తెలిసి అయిదు నిమిషాలైంది, అనుమానం అప్పుడే వచ్చి కూర్చుంది. ఇన్నాళ్ళూ సున్నా అయిన మనిషిని, సున్నా కాదనగానే ఇదా అనిపించింది. లోపల అత్తయ్య టీవీ సౌండు పెంచింది. మందుల షాపుకి అని చెప్తే అయిపోయేది. బస్టాపులో కూర్చుంటానని నిజం చెప్పినా అయిపోయేదేమో, కానీ ఎందుకు కూర్చుంటావని మళ్ళీ అడుగుతారు, మన బాల్కనీలో కుర్చీ లేదా అంటారు, ఆదివారం అందరం కలిసి పార్కుకి వెళ్దాంలే అంటారు. ఆ పావుగంట కూడా ఇంట్లోకి వచ్చేస్తుంది. నేను ఆయన తిప్పేసిన ఫారాల అంచులు సరిచేస్తూ ఉండిపోయాను.

ఆయన చాలాసేపు చూసి, మెత్తబడ్డారు. మెత్తబడ్డప్పుడు ఆయన మంచి మనిషి, అదే నాకెప్పుడూ కష్టం. జేబులోంచి పెన్ను తీశారు. "చూడు. ఇది నలుగురి చేతుల్లో పడే కాగితం. ఖాళీ కనిపిస్తే లేనిపోని మాటలొస్తాయి. ఆ రెండూ కొట్టెయ్. పన్నెండుకి ఇప్పుడే సంతకం పెడతాను. కమిటీకి నేను చెప్పుకుంటాను. సందు మూయకుండా చూసే పూచీ నాది" అన్నారు. పెన్ను మూత కూడా ఆయనే తీసి నా చేతికిచ్చారు.

బేరం మంచిదే. ఒక్క గీతకి మిగతా ఇరవై అయిదుమంది ఆడవాళ్ళు రోడ్డు దాటుతారు. అత్తయ్య మోకాలు వంగుతుంది. ఏడో నంబరు కోడలు ఇంట్లో తెలియకుండా పెట్టిన సంతకం వృథా పోదు. పెన్ను ఆ వరస మీద దాకా తీసుకెళ్ళాను కూడా. అక్కడి నుంచి పైకి చూస్తే పాలు, పాప, అత్తయ్య, చొక్కాలు అన్నీ వరసగా, ముత్యాల్లా, నా రాతలో ఉన్నాయి. ఆ రెండూ తీసేస్తే ఈ కాగితం మీద నేనెక్కడున్నానో వెతికాను.

పెన్నుకి మూత పెట్టి ఆయన చేతికి తిరిగిచ్చాను.

"ఆ రెండూ ఉంటాయి. కొట్టెయ్యాలనుంటే మిగతా పన్నెండూ కొట్టెయ్యండి" అన్నాను.